రహీం సాబ్ పోలీసు జట్టు

టొరంటో పక్కనున్న మార్కమ్‌లో మే నెల వచ్చిందంటే సాయంకాలాలన్నీ మైదానాలవే. మిల్లికెన్ మిల్స్ పార్కు చుట్టుపక్కల గట్టున మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చునే తల్లిదండ్రుల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఇంగ్లిషు కేకల మధ్యలోంచి ఉన్నట్టుండి "పాస్ ఇవ్వరా, పాస్ ఇవ్వు!" అన్న అరుపు వినబడుతుంది. అరిచిన తండ్రి పెరిగింది బహుశా క్రికెట్టుతోనే. కాలి దగ్గరకొచ్చిన బంతిని దాచుకోకుండా ఒకటి రెండు తాకుల్లో పక్కవాడికి అందించే ఆట ఏదో విదేశీ కోచ్‌లు తెచ్చిన విద్య అని ఆయన అనుకోవచ్చు. డెబ్బై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక బడిపంతులు అదే ఆటను పోలీసు కానిస్టేబుళ్లకు నేర్పి, వాళ్లను దేశంలోకెల్లా మేటి జట్టుగా నిలబెట్టాడని ఆయనకు చెప్పినవాళ్లు ఉండరు.

ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అది బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు మొదటిసారి గెలిచింది 1950లో. 2025తో ఆ గెలుపుకు డెబ్బై అయిదేళ్లు నిండాయి. జట్టు మాత్రం లేదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో దాని కథకు కొన్ని పుటలు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ పట్టాలెక్కి రాలేదు, బూట్లేసుకుని వచ్చింది. 1806లో వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్ల సిపాయిలు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ, ఇటు పాతబస్తీ దాటాక అరబ్బు సంతతివారు స్థిరపడిన బార్కస్, ఇవన్నీ బంతి ఊళ్లే. బార్కస్ అన్న పేరే బ్యారక్స్ అన్న మాటకు హైదరాబాదీ నోట పలికిన రూపం. ఈ పేటల్లో ఉర్దూ, తెలుగు, తమిళం, దక్కనీ అన్నీ కలిసిపోయేవి. మైదానంలో మాత్రం ఒకటే భాష.

ఈ చెల్లాచెదురు ప్రతిభను ఒక్కచోటికి తెచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు, తర్వాత బడుల్లో పాఠాలు చెప్పాడు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాక కన్నుమూసేదాకా ఆ బాధ్యత దించలేదు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టాడు. ఊరంతా రహీం సాబ్ అనే పిలిచేది.

పోలీసు జట్టే ఎందుకు? ఈ కథకు ఇరుసు ఇదే. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి బతకడమంటే కుదరని పని. పేదింటి కుర్రాడు పొద్దున్నే మైదానానికి రావాలంటే ముందు ఇంట్లో పొయ్యి వెలగాలి. పోలీసుశాఖ కానిస్టేబులు ఉద్యోగం ఇచ్చింది. నెల తిరిగేసరికి జీతం, ఒంటికి ఖాకీ, రేపటికి భరోసా. ఆటగాడు ఊరు విడిచి పోనక్కర్లేదు. ఒకే పదకొండు మంది ఏళ్ల తరబడి కలిసి ఆడారు, కలిసి తిన్నారు, ఒకరి కాలి కదలిక ఒకరికి చూడకుండానే తెలిసేది. రహీం సాబ్ పద్ధతి పండటానికి కావలసిన నేల సరిగ్గా అదే.

ఫలితం ఆయన శిక్షణ చేపట్టిన ఏడే కనిపించింది. బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్‌ది అయింది. యుద్ధం, ఆపై దేశ విభజన కారణంగా ఏళ్లపాటు ఆగిపోయిన డ్యూరాండ్ కప్పును స్వతంత్ర భారతంలో మొదటిసారి నిర్వహించిందీ 1950లోనే. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దాన్నీ పోలీసులు పట్టుకొచ్చారు. కలకత్తా క్లబ్బులంటే అప్పటికి ఆకాశమంత ఎత్తు. దక్కన్ నుంచి రైలెక్కి వచ్చిన కానిస్టేబుళ్లు వాటిని ఓడించడం దేశం ఊహించని సంగతి. అక్కడితో ఆగలేదు. 1951, 52, 53, 54 రోవర్స్ కప్పులు కూడా వాళ్లవే. వరుసగా అయిదేళ్లు! 1954లో మళ్లీ డ్యూరాండ్. 1957లో రెండూ.

ఇక శిక్షణ. పిల్లల ఆట బాగుపడాలంటే రహీం సాబ్ ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు, పోటీ పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. ఎదుటివాడిని తప్పించుకుంటూ బంతితో పరుగెత్తడానికి వీల్లేదు, అందుకున్న వెంటనే వదలాలి. ఇంకో పోటీలో బలమైన కాలు పనికిరాదు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితోనే కొట్టాలి. పొట్టి పిల్లలకు విడిగా పోటీలు, పొడుగువాళ్ల మధ్య నలిగిపోకుండా. ఒక్కసారి ఊహించండి. పన్నెండేళ్ల పిల్లవాడు, ఎడమకాలితో తన్నిన బంతి ఎటో పోతుంది, గట్టున ఉన్నవాళ్లు నవ్వుతారు, మళ్లీ తన్నుతాడు. పది మ్యాచ్‌లు గడిచేసరికి ఆ కాలూ మాట వింటుంది. ఎదుటి రక్షకుడికి ఇప్పుడు వాడు ఎటు తిరుగుతాడో అంతు చిక్కదు. డ్రిబ్లింగ్ లేని పోటీలోనైతే బంతి రాకముందే తల ఎత్తి చూడటం అలవాటవుతుంది, తన మనిషి ఎక్కడున్నాడో చూడనివాడు బంతి అందుకుని ఏం చేస్తాడు? నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్య ఆటగాళ్లు, నలుగురు దాడిచేసేవాళ్లు ఉండే 4-2-4 పద్ధతిని బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో లోకానికి చూపించింది. ఆ తరహా ఆటను రహీం సాబ్ అంతకుముందే తన జట్లతో ఆడించి చూశాడు.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంట పడింది ఆ రోజుల్లోనే. తమిళ కుటుంబం, చేతిలో చిల్లిగవ్వ లేని బతుకు. శిక్షణకు రమ్మంటే అంత దూరం ఎలా రావాలి అన్నది సమస్య. అద్దె సైకిలుకని రహీం సాబ్ రోజుకు ఒక రూపాయి ఇచ్చేవాడు. ఆ రూపాయి కంటోన్మెంటు చివరి నుంచి ఊరి నడిబొడ్డుకు, తిరిగి ఇంటికి తొక్కించింది. బలరాం రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున ఆడాడు, పోలీసు జట్టుకు ఆడాడు, ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్‌కు వెళ్లాడు. భారత ఫుట్‌బాల్‌లో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీల పక్కన మూడో పేరుగా నేటికీ చెప్పుకునేది ఆయన్నే.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీ ఫైనల్ చేరింది. చివరికి నాలుగో స్థానం. శిక్షకుడు రహీం. జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా హైదరాబాద్ నేల మీద ఆట నేర్చినవాళ్లే కనబడతారు. ఒక నగరం ఒక దేశానికి ఇంతమందిని ఒకేసారి ఇవ్వడం మామూలు విషయం కాదు. 1956-57లో, ఆ మరుసటి ఏడు కూడా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. రెండుసార్లూ ఓడింది బొంబాయి.

రాష్ట్రం మారింది, జట్టు పేరూ మారింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న కొత్త పేరుతో 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్ మీద డ్యూరాండ్, 1962లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడి విజేతగా మళ్లీ రోవర్స్. అదే 1962 సెప్టెంబరు 4న జకార్తాలో రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆ ఏడు పోలీసులు రోవర్స్ కప్పు ఇంకోసారి గెలిచారు. మొత్తం తొమ్మిది రోవర్స్, నాలుగు డ్యూరాండ్.

ఆ తర్వాత పతనం ఒక్క రోజులో రాలేదు. తెల్లవారి చూస్తే క్లబ్బు మూతపడిందన్న వార్త ఏమీ లేదు. నూనె తగ్గుతున్న దీపంలా వెలుగు తగ్గుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే రహీం సాబ్ వేసిన విత్తులు ఇంకా మొలకెత్తుతూనే ఉన్నాయన్నమాట. కానీ కాపును కోసుకుపోయేవాళ్లు వేరే. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. పోలీసు జట్టులో ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టారు. కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బు, వేలమంది కేకల ముందు కానిస్టేబులు జీతం తూగేది కాదు. కుర్రాళ్లను తప్పు పట్టలేం. తప్పు ఒక్కటే: రహీం సాబ్ తర్వాత ఆయన పని చేయడానికి ఆ స్థాయి మనిషిని ఎవరూ తయారు చేయలేదు. ఇరవై ఏళ్ల వ్యవస్థ అంతా ఒక్కరి భుజాల మీద నిలిచింది.

హబీబ్ కథ మార్కమ్ పాఠకులకు ఇంకో రకంగా దగ్గర. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున ఆయన ఎదుర్కొన్నది అమెరికా జట్టు న్యూయార్క్ కాస్మోస్‌ను. ఆ జట్టులో పెలే ఉన్నాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది, బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఉత్తర అమెరికా సాకర్ లీగ్ మూతపడింది, ఆ కాస్మోస్ కూడా కనుమరుగైంది. ఈ ఖండంలో క్లబ్బులు పోవడం కొత్త కాదు. 1997లో పుట్టిన టొరంటో లింక్స్ అమెరికా రెండో అంచె లీగ్‌లో పదేళ్లు ఆడి, ఇంకా కింది లీగ్‌కు దిగి, 2014లో మూతపడింది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఆ ఆట చూసినవాళ్లు ఉండే ఉంటారు.

హైదరాబాద్‌కూ అలాంటి అనుభవం ఈ మధ్యే ఎదురైంది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి (ఐఎస్ఎల్) వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. గచ్చిబౌలి స్టేడియానికి జనం కదిలారు. మూడేళ్లకే, 2025లో, యాజమాన్యం మారి జట్టు ఢిల్లీకి తరలిపోయింది. కొన్నవాడి చేతిలో ఉన్న జట్టు సామాను సర్దుకుని వెళ్లిపోగలదు. పోలీసు జట్టుకు అలా వెళ్లే వీలు ఉండేది కాదు, దాని ఆటగాళ్లు డ్యూటీ దిగితే చేరింది హైదరాబాద్ వీధుల్లోని ఇళ్లకే.

2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' పుణ్యమా అని రహీం పేరు ఇక్కడి పిల్లలకు కూడా తెలిసింది. ఆ కథ ప్రధానంగా భారత జట్టుది. దానికి ముందున్న పోలీసు జట్టు సంగతి తాతలు చెప్పాలి, చెప్పే తాతలు తగ్గిపోతున్నారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న వెళ్లిపోయాడు. హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న.

2026 ప్రపంచ కప్పులో ఆరు మ్యాచ్‌లు టొరంటో వంతుకు వచ్చాయి. టికెట్ దొరకనివాళ్లకు మార్కమ్ మైదానాలు ఉండనే ఉన్నాయి. వేసవి విందులో పిల్లలకు పరుగుపందెం, చెంచా-నిమ్మకాయ పోటీ పెట్టేచోటే, పదేళ్లలోపు వాళ్లకు రహీం సాబ్ పద్ధతిలో డ్రిబ్లింగ్ లేని మ్యాచ్ ఒకటి పెట్టొచ్చు. ఒక బంతి, ఒక విజిల్, ఎవరి పిల్లవాడన్నది చూడకుండా ఫౌల్ ఊదే రిఫరీ ఒకరు చాలు. రెండో సగంలో ఎడమకాలు.