బందరు లైనులో మెలకువ

బొగ్గింజన్ల రోజుల్లో గుడివాడ నుంచి బందరుకు బండి తీసుకెళ్లేవాళ్లకు కునుకు తియ్యడానికి తీరికే ఉండేది కాదు. మా నాన్న ఆ ఇంజన్ల మీద ఫైర్‌మన్. నేను డీజిల్ కాలంలో అసిస్టెంటుగా చేరి, కరెంటింజను నడిపి రిటైరయ్యాను.

బెజవాడ–బందరు లైను 1908లో పడింది. 1928లో భీమవరం కొమ్మ పడ్డాక గుడివాడ జంక్షనైంది.  

చాలాకాలం బందరు లైను ఒంటి లైనే. ఎదురుబండి రాదని భరోసా ఇచ్చేది టోకెన్. గుడ్లవల్లేరు మాస్టరు కవుతరం మాస్టరుకు గంట కొట్టేవాడు. ఎన్ని దెబ్బలకు ఏం అర్థమో ఇద్దరికీ కంఠతా. అవతలాయన ఒప్పుకుని తన మిషన్ తిప్పితేనే ఇక్కడి మిషన్లోంచి ఉక్కు బంతి దొర్లి బయటికొచ్చేది. దాన్ని తోలు సంచిలో పెట్టి, పేము రింగుకి తగిలించి, ప్లాట్‌ఫారం చివర పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకునేవాడు. ఆగని బండి అయితే ఫైర్‌మన్ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బయటికి వంగి, పాత రింగు పడేసి, కొత్తది మోచేతికి దూర్చుకోవాలి. రాత్రిళ్లయితే కాగడా వెలుతురే దిక్కు. నాన్న మోచేతి పైన కమిలిన మచ్చ ఎప్పుడూ ఉండేది. బంతి చేతికొచ్చాక దాని మీద ఏ సెక్షను పేరుందో చదివి డ్రైవరుకి వినపడేట్టు అరవాలి. తప్పు బంతి అయితే అక్కడే ఆగాలి. ఆ పని అయ్యేసరికి బొగ్గు వెయ్యాలి, బాయిలరు గాజుగొట్టంలో నీటిమట్టం చూడాలి, ఇంతలో పెడన సిగ్నలు. ఒళ్లు హూనమయ్యేది గానీ కళ్లు మూతపడేవి కావు.

ఆ కష్టం మళ్లీ రావాలని నేననను. మనిషి చేతి మీద అంత భారం పెట్టడమూ అన్యాయమే.

2022 నాటికి రెండో లైనూ, కరెంటు తీగలూ పడ్డాయి. ఇప్పుడు ఇంజనులో విజిలెన్స్ పరికరం ఉంటుంది. నిమిషం పాటు లోకో పైలట్ హ్యాండిల్ కదపకుండా, హారన్ కొట్టకుండా, పెడలు నొక్కకుండా ఉంటే ముందు దీపం ఎనిమిది సెకన్లు మినుకుమంటుంది. ఆ పైన ఇంకో ఎనిమిది సెకన్లు బజరు మోగుతుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు పడతాయి. నడిపేవాడికి గుండె ఆగినా బండి ఆగుతుంది కాబట్టి మంచిదే. కానీ తెల్లవారుజామున మూడింటికి కాలికి ఆ పెడలు ఎంత అలవాటైపోతుందో నడిపినవాళ్లకే తెలుసు. మనసు ఎక్కడో ఉండగా వేళ్ల మధ్య జపమాల తిరిగినట్టు, అది తన పని చేసుకుపోతుంది. టోకెన్ బంతి మీద స్టేషనుకో కొత్త పేరుండేది, చదివి తీరాలి. పెడలుకి రాత్రంతా ఒకటే జవాబు.

గన్నవరంలో దిగే విమానాల్లోనూ ఇదే తంతు. నడిపేది ఆటోపైలట్, మనిషికి చేతులు ఖాళీ, కళ్లు మాత్రం కాపలా. ఆ కాపలా ఎంతసేపు నిలుస్తుందో ముందే చూసినవాళ్లున్నారు. బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ తెరలు చూసేవాళ్ల తంటా అర్థం చేసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం పరీక్ష పెట్టాడు. అడుగులేస్తూ తిరిగే ముల్లు అప్పుడప్పుడు రెండడుగులు ఒక్కసారే వేస్తుంది, అది కనిపెట్టాలి. అరగంటకే చూపు జారిపోవడం మొదలైందని 1948లో రాశాడు. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో వేగం కొలిచే గొట్టాలు మంచుతో పూడిపోయి ఆటోపైలట్ తప్పుకుంది. అక్కడ కునుకు గొడవ లేదు. హఠాత్తుగా చేతికొచ్చిన విమానం ఏ స్థితిలో ఉందో ఆ పైలట్లకు అంతుపట్టలేదు. నాలుగైదు నిమిషాల్లో 228 మంది సముద్రం పాలయ్యారు.

మన దగ్గర కంటకాపల్లి ప్రమాదం ఉంది. 2023 అక్టోబరు 29 రాత్రి అలమండ వైపు ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచెయ్యలేదు. అలాంటప్పుడు ఎర్రదీపం దగ్గర రెండు నిమిషాలు ఆగి, గంటకు పది కిలోమీటర్లు మించకుండా పాకాలి. రాయగడ పాసింజరు అలా వెళ్లలేదని ప్రాథమిక విచారణ తేల్చింది. అది వెనకనుంచి పలాస పాసింజరును గుద్దింది. 14 మంది పోయారు, రాయగడ బండి నడిపిన ఇద్దరూ వాళ్లలోనే. రూలు తప్పడాన్ని నేను వెనకేసుకురాను. కాకపోతే, రోజూ మిషనే చూసుకునే పని అది చెడిన రాత్రి మాత్రం మనిషి మీద పడుతుందని మర్చిపోకూడదు.

వికారాబాద్ వైపు మన దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షించిన కవచ్ అనే రక్షణ వ్యవస్థ బండిని ఎర్రదీపం దాటనివ్వదు. అది అన్ని లైన్లకూ ఎంత త్వరగా వస్తే అంత మంచిది. ఈశాన్య సరిహద్దు రైల్వే వాళ్లు డ్రైవరు కనురెప్పలు కనిపెట్టే పరికరం మీద పడ్డారు. దాని మీద నాకంత గురి లేదు. కునుకు వచ్చాక పట్టుకుంటుంది, రాకుండా చెయ్యలేదు. రాకుండా చేసేది విశ్రాంతే. 2024 జనవరిలో విమాన పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ రూలు రాశారు. అదే ఏడాది జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళనకు దిగి అడిగింది 46 గంటలు, వరసగా రెండు రాత్రులకు మించి డ్యూటీ వెయ్యకపోవడం. గొంతెమ్మ కోరికలేమీ కావు, ఇవ్వొచ్చు.