శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్: తోట వెనకాల ఉన్న కాగితాల అడవి

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ పడమటి గట్టున హౌరా జిల్లా శిబ్‌పూర్‌లో 273 ఎకరాల తోట ఉంది. ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ 1787లో దీన్ని మొదలుపెట్టాడు. కంపెనీకి పనికొచ్చే టేకు, సుగంధ ద్రవ్యాల మొక్కలు పెంచడం అప్పటి ఉద్దేశం. 2009 నుంచి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో నడుస్తోంది.

జనం వచ్చేది ఎక్కువగా మహా మర్రిని చూడటానికే. 1864, 1867 తుపానుల్లో ఆ చెట్టు బాగా దెబ్బతింది. తర్వాత శిలీంధ్రం పట్టిన అసలు మానును 1925లో తీసేశారు. ఇప్పుడున్నదంతా ఊడల మీద నిలబడ్డ చెట్టే. 2020 మేలో అంఫన్ తుపాను తోటలో మరెన్నో చెట్లను కూల్చింది.

చెట్టు పడిపోయాక అది ఉండేదనడానికి ఆధారం ఏమిటి? అందుకే ఈ ఆవరణలోనే ఉన్న సెంట్రల్ నేషనల్ హెర్బేరియం, దాని గ్రంథాలయం గురించి తెలుసుకోవాలి. మొక్కను నొక్కి ఆరబెట్టి, అట్టకు అంటించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు సేకరించారో రాసి భద్రపరుస్తారు. అలాంటి నమూనాలు ఇక్కడ దాదాపు 20 లక్షలు. ఒక శాస్త్రీయ నామం ఏ మొక్కకు చెందుతుందో తేల్చే ప్రామాణిక నమూనాను 'టైప్' అంటారు. పేరు మీద తగవు వస్తే దాన్నే తెరిచి చూడాలి.

ఈ కథకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. 1793లో ఇక్కడికి సూపరింటెండెంట్‌గా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు సామర్లకోటలో పనిచేశాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద 1795–1820 మధ్య మూడు సంపుటాల్లో వచ్చిన ఆయన గ్రంథంలో తెలుగు పేర్లూ నమోదయ్యాయి. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు ప్రజాతికి ఇప్పుడున్న లాటిన్ పేరు సోయ్‌మిడా. అది మన మాటే.

రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులతో 2,500కు పైగా మొక్కల బొమ్మలు వేయించాడు. ఒక ప్రతి ఇక్కడ, మరొకటి లండన్ దగ్గరి క్యూలో ఉన్నాయి. ఆయన పెట్టిన చాలా పేర్లకు ఎండు నమూనా దొరకదు, బొమ్మే టైప్. గీసినవారి పేర్లు మాత్రం చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక నష్టం సంగతి. తర్వాతి కాలంలో సూపరింటెండెంట్‌గా ఉన్న నథానియెల్ వాలిచ్ 1828లో ఇక్కడి నమూనాలను లండన్ తీసుకెళ్లి యూరప్ సంస్థలకు పంచిపెట్టాడు. శాస్త్రానికి అది మేలు చేసిందనేవారున్నారు. నిజమే, కానీ ఆ మేలు ముందు అందింది అక్కడివారికి. భారతీయ మొక్క పేరు తేల్చడానికి భారతీయ పరిశోధకుడు క్యూ వైపు చూడాల్సి వచ్చింది. ఇప్పుడు డిజిటల్ ఫొటోలు కొంత పని తగ్గించాయి. అయితే ఎండిన పువ్వును నానబెట్టి, విప్పి, లోపలి అండాశయాన్ని చూడాలంటే ఫొటో సరిపోదు. నమూనా చేతిలో ఉండాలి.