ముత్తాత పేరు ఎక్కడ రాసి ఉంది?

భిలాయి పక్కనే ఉన్న ఉతైలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత 1957లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం అప్పుడు ఉక్కు కర్మాగారం కడుతున్నారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931 నుంచే రైలు మార్గం ఉంది. పని దొరుకుతుందన్న కబురు ఒక్కటి చాలు, ఊళ్లకు ఊళ్లే ఆ రైలెక్కాయి.

ఇప్పుడు ఆ తాత మునిమనవరాలికి కుల ధ్రువపత్రం కావాలి. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: 1950లో మీవాళ్లు ఏ ఊళ్లో ఉండేవారు?

ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో గమనించండి. షెడ్యూల్డు కులాల జాబితా 1950 ఆగస్టు 10న, తెగల జాబితా సెప్టెంబరు 6న రాష్ట్రపతి ఉత్తర్వులుగా వెలువడ్డాయి. ఆ నాటికి కుటుంబం నివాసం ఏ రాష్ట్రంలో ఉందన్నదే నేటికీ కొలమానం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన ఒక విద్యార్థి వైద్య కళాశాల సీటు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కనుక ఉతై పిల్ల కాగితం కోసం ఎప్పుడూ చూడని ఊరికి వెళ్లాలి. వంశవృక్షం గీసుకోవడం కొందరికి సరదా కావచ్చు. ఈ ఇంట్లో అది సరదా వ్యవహారం కాదు.

మొదటి చిక్కు జిల్లా దగ్గరే మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలైతే 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేవి. 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం విడివడ్డాయి. ఊరు కదలలేదు, దాని మీది పేర్లు మారాయి. పాత కాగితం ఏ కచేరీలో ఉందో తెలియాలంటే ముందు ఈ లెక్క తేల్చుకోవాలి.

ఇక కాగితాలు. కరణం ఏటా రాసే అడంగల్‌లో ప్రతి సర్వే నంబరుకు ఎదురుగా పైరు, సాగుచేసే రైతు పేరు ఉంటాయి. రైత్వారీ గ్రామాలకు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఉంది. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండటం వల్ల దాన్ని డైగ్లాట్ అన్నారు. ఉత్తరాంధ్రలో ఎక్కువ భాగం బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి, మందస వంటి జమీందారీల కింద ఉండేది. అక్కడ రైతు లెక్క దివాణానికీ కరణానికీ మధ్యనే నడిచేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది. చాలా కుటుంబాలకు సర్కారు కాగితంలో పేరు చేరింది అప్పుడే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. కరణంగారి ఇంట్లోని భోషాణంలో ఉన్న కట్టలు చేతులు మారుతూ ఎన్నో చోట్ల చెదపురుగుల పాలయ్యాయి.

అయితే ఇవన్నీ శిస్తు పుస్తకాలు. భూమి ఉన్నవాడికే అందులో చోటు. కంబారికి, కూలికి, ఊరి చివర గుడిసె వేసుకున్నవాడికి అడంగల్‌లో గీత కూడా లేదు. భిలాయికి రైలెక్కినవారిలో ఎక్కువమంది ఎవరో ఊహించడం కష్టం కాదు. జనన మరణ రిజిస్టర్లు కొంత నయమే కానీ, వాటిలో చాలాచోట్ల ‘మగశిశువు’, తండ్రి పేరు, అంతే. బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు జరిగిపోయేది.

దీనికి పూర్తిగా తలకిందుగా ఉన్న ఉదాహరణ ఒకటి చూద్దాం. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నెటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ఓడ జాబితాలో ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటి మీది మచ్చ కూడా రాశారు. ఆడవాళ్లవి కూడా. మనిషి పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు తప్ప ప్రేమతో కాదు. అయినా ఆ పుణ్యాన డర్బన్‌లోని తెలుగువారు తమ ముత్తాత ఊరు కనుక్కోగలుగుతున్నారు. ఊళ్లోనే ఉండిపోయిన అదే ముత్తాత తమ్ముడికి ఏ ఆధారమూ లేదు.

శ్మశానాల సంగతీ ఇంతే. భీమునిపట్నంలో డచ్చివారి సమాధుల మీద రాతలు నేటికీ చదవొచ్చు. మద్రాసు రాష్ట్రంలోని ఇలాంటి సమాధుల రాతలను జె.జె. కాటన్ 1905లో పుస్తకంగా అచ్చువేయించాడు. మన ఊళ్లలో దహనం చేసినవారికి రాయి ఉండదు; పూడ్చినవారికి ఉన్నా దాని మీద అక్షరం ఉండటం అరుదు.

మరి ఎక్కడ వెతకాలి? తర్పణం వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ పలుకుతారు. శిస్తు పుస్తకం ఎక్కని ఆడపేర్లు నోటి మీద మిగిలాయి. పూరీ, కాశీ, గయ పండాల పుస్తకాల్లో యాత్రికుల ఊరు చెబితే వంశం పేర్లు దొరికే అవకాశం ఉంది. తెలంగాణలో మాదిగల వంశాలను డక్కలివారు, పద్మశాలీలవి కూనపులివారు కథగా చెబుతారు. చదువురాని ఇళ్ల చరిత్రను భద్రపరిచిన గుమాస్తాలు వీరే. నా దృష్టిలో తాలూకా కచేరీ కన్నా నమ్మకంగా పనిచేశారు.

ఉతైలోని ఆ ఇంట్లో కాగితం ఒకటి ఉండవచ్చు: తాతకు కర్మాగారంలో ఖాయం ఉద్యోగం దొరికి ఉంటే, స్వగ్రామం, తండ్రి పేరు రాసిన సర్వీసు పుస్తకం. కాంట్రాక్టరు దగ్గరే మట్టి మోసి ఉంటే ఆ ఆశ కూడా తక్కువే. అందుకని నకలు కోసం దరఖాస్తు పెట్టేముందు ఇంట్లో పెద్దామె దగ్గర కూర్చోండి. ఆమె పుట్టింటి ఊరు, మేనమామల ఇంటిపేరు, వదినలను ఏయే ఊళ్లకు ఇచ్చారో అడిగి, తేదీ వేసి రాసుకోండి. ఏ మండలం కచేరీకి వెళ్లాలో ఆ కాగితమే చెబుతుంది.