తిరిగి వచ్చినవారికి చోటెక్కడ?

క్రోసూరు దగ్గర ఒక పల్లెలో కూటాలకు వెళ్ళాను. మిరప కోతల కాలం. కల్లాల్లో ఎండబోసిన కాయల ఘాటుకు దగ్గుతూనే ప్రసంగం ముగించాను. మరునాడు ఆదివారం ప్రభు బల్ల. ఆ సంఘంలో ఒక సోదరుణ్ణి గమనించాను. చోటు ఖాళీగానే ఉన్నా గుమ్మం బయట చెప్పులు విడిచే దగ్గర కూర్చున్నాడు. రొట్టె, ద్రాక్షారసం తెచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాడు. తరువాత సంఘ పెద్దను అడిగితే సంగతి తెలిసింది. ఆయన భార్యాబిడ్డలను వదిలి పట్నంలో మరో కాపురం పెట్టి, కొన్నేళ్ళకు తిరిగివచ్చాడు. భార్య తన ఇష్టంతోనే తలుపు తీసింది. ఆయన సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడు, ఏడ్చాడు. సంఘం క్షమించినట్టు ప్రకటించింది కూడా. అది జరిగి రెండేళ్ళు.

“క్షమించాం అయ్యగారూ. ఇంకేం చేయాలంటారు?” అన్నాడు పెద్ద. ఆయన వ్యంగ్యంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అప్పటికప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ హోషేయ గ్రంథం తెరిచాను. నమ్మకద్రోహం చేసినవారిని దేవుడు క్షమించడం అంటే ఏమిటి, క్షమించాక ఏం చేస్తాడు అన్నది ఆ గ్రంథం చెప్పినంత సూటిగా పాత నిబంధనలో మరొకటి చెప్పదు.

హోషేయ ఉత్తర రాజ్యపు ప్రవక్త. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో, రెండవ యరొబాము ఏలుబడి చివరి రోజుల్లో పరిచర్య మొదలుపెట్టాడు. దేశం బయటికి కలకలలాడుతోంది. పంటలున్నాయి, ధనం ఉంది, బలిపీఠాల దగ్గర రద్దీ ఉంది. కాని ఆ ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది బయలు దేవతలని జనం నమ్మారు (2:5, 8). యరొబాము చనిపోయాక సుమారు పాతికేళ్ళలో ఆరుగురు రాజులు మారారు, అందులో నలుగురు హత్యకు గురయ్యారు. క్రీస్తుపూర్వం 722లో అష్షూరువారు షోమ్రోనును పట్టుకున్నారు. కూలబోతున్న ఇంటి ముందు నిలబడి మాట్లాడిన ప్రవక్త ఈయన.

ఆయన ఇంటి సంగతే ఆయన సందేశమైంది. భార్య గోమెరు. ముగ్గురు పిల్లలకు దేవుడు పెట్టించిన పేర్లు వినడానికే కష్టం. పెద్దవాడు యెజ్రెయేలు, నెత్తురు చిందిన ఊరి పేరు. కూతురు లోరూహామా, అంటే జాలి పొందనిది. చిన్నవాడు లోఅమ్మీ, అంటే నా జనం కాదు. మన ఊళ్ళలో పుట్టిన బిడ్డ బతకాలని పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టే అలవాటుండేది. అది ప్రేమకొద్దీ పెట్టిన తక్కువ పేరు. లోఅమ్మీ అలాంటిది కాదు. సీనాయి దగ్గర చేసిన నిబంధన తెగిపోయిందని ఆ పిల్లవాణ్ణి ఇంట్లో పిలిచిన ప్రతిసారీ వినబడే తీర్పు అది.

మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆమె ఇల్లు విడిచి వేరొకరి దగ్గర ఉంది. అక్కడి స్త్రీ గోమెరేనా, మరొకతెనా అని పండితుల్లో వాదం ఉంది. గోమెరేనని ఎక్కువమంది అంటారు, కథ నడకను బట్టి నాకూ అలాగే తోస్తుంది. హోషేయ ఆమెను కొని తెచ్చుకున్నాడు. పదిహేను తులాల వెండి, దానితోపాటు కొంత యవలు. నిర్గమకాండము 21:32 ప్రకారం ఎద్దు పొడిచి చంపిన దాసునికి కట్టవలసిన వెల ముప్పై తులాలు. అందులో సగమే వెండి, మిగతాది గింజలు. ఇంట్లో ఉన్న డబ్బు చాలక గాదెలో ఉన్నది కొలిచి ఇచ్చాడేమో అనిపిస్తుంది. వాక్యం అంతవరకు చెప్పదు, కౌలు రైతుల మధ్య పరిచర్య చేసినవాడిగా నాకలా కనబడుతుంది. తన భార్యను తానే ధర చెల్లించి తెచ్చుకోవలసి వచ్చిన మనిషి అవమానం మాత్రం ఆ ఒక్క వచనంలో పూర్తిగా ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది, ప్రసంగాల్లో దాన్ని తరచుగా దాటేస్తాం. ద్వితీయోపదేశకాండము 24:1-4 చూడండి. విడాకులు పొంది మరొకని పెళ్ళాడిన స్త్రీని మొదటి భర్త తిరిగి చేర్చుకోకూడదు. యిర్మీయా 3:1లో దేవుడే ఆ చట్టాన్ని ఎత్తి చూపుతాడు. చూపి, ఆ వెంటనే అదే అధ్యాయంలో తిరిగి రమ్మని మళ్ళీ మళ్ళీ పిలుస్తాడు. చట్టం ప్రకారం ముగిసిపోయిన సంబంధాన్ని దేవుడు మళ్ళీ తెరుస్తున్నాడన్నమాట. ఆయన తప్పును చిన్నది చేసి చూపలేదు. హోషేయలో దేవుని కోపం సింహంలా, పిల్లలు పోయిన ఎలుగుబంటిలా ఉంటుంది (13:7-8). అదే గ్రంథం 11వ అధ్యాయంలో, నడక నేర్పిన బిడ్డను ఎలా వదిలేయగలనని తనలో తాను కొట్టుమిట్టాడే తండ్రిగా కనబడతాడు. తాను మనిషిని కాను, దేవుణ్ణి కాబట్టే నాశనం చేయనంటాడు (11:9). మనమైతే ‘దేవుడు గనుక క్షమించాడు, మనం మనుషులం’ అని అదే మాటను తప్పించుకోవడానికి వాడుకుంటాం.

ఈ గ్రంథాన్ని నడిపించే హెబ్రీ మాట ఒకటుంది, ‘షూబ్’. తిరుగు, మళ్ళు అని అర్థం. హోషేయలో అది ఇరవైసార్లకు పైగా వస్తుంది. జనం దేవుని నుండి తొలగిపోవడాన్ని చెప్పే మాట ‘మెషూబా’ కూడా ఈ ధాతువు నుండే పుట్టింది. దారి తప్పడం ఒక మళ్ళడం, ఇంటికి రావడం మరో మళ్ళడం. 14:4లో ఆ తొలగిపోవడాన్ని దేవుడు బాగుచేస్తానంటాడు, రోగాన్ని బాగుచేసినట్టు. శిక్ష రద్దు చేస్తాననే మాటకంటే ఇది పెద్దది. తప్పు చేసినవాణ్ణి వదిలిపెట్టడం న్యాయస్థానం పని. తప్పు చేయించిన గుణాన్ని నయం చేయడం వైద్యుడి పని. హోషేయ దేవుడు రెండోదానికి పూనుకున్నాడు.

పిల్లల పేర్లు ఏమయ్యాయో చూస్తే పునరుద్ధరణ అంటే ఏమిటో తెలుస్తుంది. లోరూహామా జాలి పొందినది అవుతుంది, లోఅమ్మీని నా జనం అని పిలుస్తాడు, యెజ్రెయేలు విత్తనం నాటబడిన నేల అవుతుంది (2:1, 22-23). ఆకాను దొంగతనం చేసి రాళ్ళతో కొట్టబడి చచ్చిన ఆకోరు లోయ నిరీక్షణకు ద్వారమవుతుంది (2:15). దేవుడు పాత పేరు రాసిన పుస్తకాన్ని కొట్టేసి ఊరుకోలేదు, అందరూ పిలవడానికి కొత్త పేరు ఇచ్చాడు. పౌలు రోమీయులకు 9:25-26లో, పేతురు తన మొదటి పత్రిక 2:10లో ఈ పేర్ల మార్పునే ఎత్తుకుని అన్యజనులతో నిండిన సంఘాలకు అన్వయించారు. అంటే మన సంఘాల్లో కూర్చున్న వాళ్ళమంతా ఒకప్పటి లోఅమ్మీలమే. బయట చెప్పుల దగ్గర ఎవర్ని కూర్చోబెట్టినా ఇది గుర్తుంచుకోవాలి.

పేతురు తన సొంత అనుభవం నుండే అది రాశాడేమో. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాడు (యోహాను 18). తిబెరియ సముద్రతీరంలో పునరుత్థానుడైన ప్రభువు చేపలు కాల్చింది కూడా బొగ్గుల మంట మీదనే (యోహాను 21:9). గ్రీకు కొత్త నిబంధనలో ఆ మాట ఈ రెండు చోట్లే ఉంది. ప్రభువు ముందు తినమన్నాడు, తరువాత అడిగాడు. మూడుసార్లు ప్రశ్న, మూడుసార్లు గొర్రెల బాధ్యత. క్షమించాను పో అనలేదు, పని చేతిలో పెట్టాడు.

ఇప్పుడు సంఘం మాటకు వద్దాం. గలతీయులకు 6:1లో తప్పులో చిక్కుకున్నవాణ్ణి సరిచేయమని చెప్పడానికి పౌలు వాడిన గ్రీకు క్రియ ‘కటార్టిజో’. మార్కు 1:19లో యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పేది ఈ క్రియే. కృష్ణ ఒడ్డున వల అల్లేవాళ్ళను చూసినవారికి వివరం అక్కర్లేదు. చిరిగిన వలను గూటంలో దాచి ‘దీన్ని క్షమించాం’ అని ఎవరూ అనరు. కన్ను కన్నూ కలిపి మళ్ళీ నీళ్ళలోకి వేస్తేనే అది బాగైనట్టు.

కొరింథు సంఘానికి పౌలు రాసింది ఇంకా స్పష్టం (2 కొరింథీయులకు 2:6-8). వేసిన శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అతడు దుఃఖంలో మునిగిపోతాడు, అతని మీద మీ ప్రేమను స్థిరపరచండి అని దాని సారాంశం. ఆ ‘స్థిరపరచు’ అన్న మాట గలతీయులకు 3:15లో ఒప్పందాన్ని ఖాయం చేయడానికి వాడిందే. అందరి ఎదుట, వెనక్కి తీసుకోలేని విధంగా చేయమన్నాడన్నమాట. క్రమశిక్షణ వేసినప్పుడు సంఘం పుస్తకంలో రాస్తాం, తేదీ వేస్తాం, సంతకాలు తీసుకుంటాం. ఎత్తేసినప్పుడు ఎన్ని సంఘాల్లో రాస్తున్నారు?

తొలి సంఘం ఈ ప్రశ్నతో రక్తం కారుతుండగానే పోరాడింది. క్రీస్తుశకం 250లో రోమా చక్రవర్తి డేసియస్ ప్రతివారూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. కొందరు చనిపోయారు. చాలామంది లొంగిపోయారు, కొందరు లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్ళు ఏడుస్తూ సంఘం గుమ్మం ముందు నిలబడ్డారు. రోములో నోవేషియన్ వాళ్ళను ఎప్పటికీ చేర్చుకోకూడదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ తొందరపడి చేర్చుకోవద్దన్నాడు, శాశ్వతంగా మూయడమూ తప్పన్నాడు. 325లో నైసియా సభ 11వ నిబంధన, బలవంతం లేకుండానే పడిపోయినవారికి పన్నెండేళ్ళ క్రమం పెట్టింది. మూడేళ్ళు వాక్యం వినేవారితో, ఏడేళ్ళు సాష్టాంగపడేవారితో, రెండేళ్ళు బల్ల లేకుండా ప్రార్థనలో. పన్నెండేళ్ళు నాకు చాలా ఎక్కువనిపిస్తుంది. కాని ఆ లెక్కకు ఒక చివర ఉంది, చివర బల్ల ఉంది. 13వ నిబంధన ప్రకారం చావుబతుకుల్లో ఉన్నవాడికి బల్ల నిరాకరించకూడదు. 8వ నిబంధన ఇంకో మాట చెప్పింది, నోవేషియన్ పక్షం నుండి వచ్చేవారు పడి లేచినవారితో కలిసి బల్లలో పాలు పొందుతామని రాసివ్వాలి. పడనివారికీ షరతు పెట్టారు!

మన పల్నాడుకు ఈ సంగతి కొత్తదేమీ కాదు. పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం ఓడిన మలిదేవుని పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళింది. గడువు నిండాక వచ్చి తమ భాగం అడిగితే గురజాల ఇవ్వలేదు, రాయబారిగా వెళ్ళిన అలరాజు ప్రాణం పోయింది, కారెంపూడిలో నెత్తురు పారింది. గడువు ముగిసినా చోటు ఇవ్వకపోతే ఏమవుతుందో మన నేలకు తెలుసు. ఆ కథలోనే బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది, కులం అడగకుండా ఒకే చాప మీద భోజనం. ఆ గురజాలకే 1849లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ సువార్త తీసుకెళ్ళాడు. అందరికీ ఒకే బల్ల అన్న మాట ఈ ప్రాంతపు దళితవాడల్లో ఎందుకంత లోతుగా దిగిందో వేరే చెప్పక్కర్లేదు. వెలి అంటే ఏమిటో తరతరాలుగా అనుభవించినవాళ్ళం మనం. మన బల్ల దగ్గర మనమే మరో వెలి పెట్టడం నాకు మింగుడుపడదు.

ఇదంతా చదివి ఎవరైనా హోషేయను చేతికర్రగా వాడకూడదు. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో ‘హోషేయ చేర్చుకోలేదా, నువ్వూ చేర్చుకో’ అనడం వాక్యాన్ని వంకర చేయడమే. ధర చెల్లించినవాడు హోషేయ, ఆ ధర మరొకరి చేత కట్టించడానికి మనకు అధికారం లేదు. అలాగే పునరుద్ధరణ అంటే పోయినదంతా అదే రూపంలో వెంటనే తిరిగి రావడం కాదు. హోషేయ కూడా ఆమెను ఇంటికి తెచ్చాక చాలాకాలం వేచి ఉండమన్నాడు, తానూ వేచి ఉన్నాడు (3:3). మనష్షే బబులోనులో సంకెళ్ళ మధ్య మొరపెడితే దేవుడు విని యెరూషలేముకు తిరిగి చేర్చాడు (2 దినవృత్తాంతములు 33). అయినా అతడు చిందించిన నిర్దోషుల రక్తపు ఫలితాన్ని దేశం తరువాత అనుభవించింది (2 రాజులు 24:3-4). జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. కానుకల లెక్కలో తప్పు చేసినవాడు డబ్బు కట్టి, ఒప్పుకుని తిరిగి వస్తే బల్ల దగ్గరికి రానివ్వాలి. పెట్టె తాళంచెవి మాత్రం వెంటనే ఇవ్వనవసరం లేదు, అసలు ఎన్నటికీ ఇవ్వకపోయినా తప్పు లేదు. సహవాసం వేరు, బాధ్యత వేరు. ఈ రెండూ కలిపేసుకుని, తాళంచెవి ఇవ్వలేం గనుక బల్ల కూడా ఇవ్వం అంటున్నాం.

క్రోసూరు దగ్గరి ఆ పెద్దకు ఫోన్ చేసి నాకు తోచిన జవాబు ఇలా చెప్పాను. ఆయన మీద క్రమశిక్షణ ఎప్పుడు వేశారో పుస్తకంలో చూడండి. ఎత్తేసినట్టు రాసి లేకపోతే ఈ నెలలోనే రాసి సంఘం ముందు చదవండి. అందులో ఆయన భార్య మాట కూడా వినండి, ఆమెకు ఇంకా చెప్పుకోవలసింది ఉంటే ముందు అది తేల్చండి. తరువాత బల్ల ఆదివారం మీరే వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురండి.

పెద్ద కాసేపు మాట్లాడలేదు. “పుస్తకం పాత సెక్రటరీ ఇంట్లో ఉందయ్యగారూ, తెప్పిస్తాను” అన్నాడు.