గిటారు మడమబిళ్ల పుట్టుపూర్వోత్తరములు

తంత్రీవాద్యములలో మెడయు మొండెమును కలిసెడు తావు దుర్బలమైనది. తంత్రులు అహోరాత్రములు మెడను ముందునకు లాగుచునే యుండును. మొండెము దానిని పట్టి నిలుపుచునే యుండును. ఈ పెనుగులాటకు ఓర్చుటకై గిటారు మెడయొక్క క్రిందికొసను వెనుకవైపున బలియజేసి, వాద్యపు లోతుకు సమముగ దింపి, మడమవలె చెక్కుదురు. ఆ మడమ అడుగున, వీపుపలకతో ఒకే వరుసను నిలుచునట్లు, రెండు మూడు మిల్లీమీటర్ల మందమున అతికించెడు చిన్న బిళ్లయే ఈ వ్యాసమునకు విషయము. వాయించువానికి అది కనబడదు. వినువానికి అది యున్నదనియే తెలియదు. నాదమునకు దానివలన కలుగు మేలుగాని కీడుగాని లెక్కింపదగినది కాదు. అయినను చేతిపనితో గిటారులు చేయువారు దీనిపై చూపు శ్రద్ధను గమనించినచో, ఇది కేవలాలంకారమనుటకు మనసొప్పదు. నా యెరుకలో ఇది అతుకు తెచ్చిన చిక్కునుండి పుట్టి, పిదప అలంకారముగ స్థిరపడినది.

పదునేడవ శతాబ్దమున పారిసునందలి వొబోఆం కుటుంబమువారును, వెనీసునందలి మత్తెయో సెల్లాసును చేసిన గిటారులలో అలంకరణము లేని చోటు వెదకవలసినదే. ఆ కాలమున మెడను మొండెములోని దిమ్మకు లోపలినుండి మేకు దిగగొట్టి బిగించుట పరిపాటి. పైన అనేక వాద్యములకు మెడపొడవునను ఎబొనీ, దంతపు రేకులను తాపడము చేసెడివారు గనుక, మడమయు ఆ తాపడమునందే కలిసిపోయెడిది. వయొలిను పనివారిది వేరు మార్గము. వారు వీపుపలకనే అర్ధచంద్రాకృతిగ కొంత ముందునకు సాగనిచ్చి, ఆ నాలుకను మడమకు సరేసుతో అంటించిరి. పదునెనిమిదవ శతాబ్దాంతము మొదలు సంగీతము తారస్వరములను, బిగువును కోరగా, పాత వయొలినుల పొట్టిమెడలు తీసివేసి, పొడుగుమెడలను వెనుకకు వాల్చి అమర్చవలసివచ్చెను. పలుమారులు మెడ ఊడదీసి బిగించుటలో ఆ అర్ధచంద్రము అరిగి, చిన్నదై, ఆకృతి చెడెడిది. అప్పుడు దానిచుట్టును సన్నని ఎబొనీ కిరీటమును పొదిగి మునుపటి కొలతను నిలిపిరి. తెలియనివాడు చూచి ఎంత సొగసైన అంచు పెట్టినారని మెచ్చుకొనును. మరమ్మతు ఆభరణమగుటకు ఇంతకన్న చక్కని నిదర్శనము దుర్లభము.

స్పెయినుదేశపు గిటారుకారులు అతుకు సమస్యను మూలమునందే తప్పించిరి. వారి పద్ధతిలో మడమయు, మొండెములోనికి చొచ్చియుండు పాదమును ఒక్కటే; ప్రక్కపట్టీలను ఆ మడమయందు కోసిన చీలికలలో దూర్చి, మెడచుట్టును మొండెమును కట్టుకొనుచు వచ్చెదరు. చివరకు వీపుపలకను మూయునప్పుడు దానినే మడమమీదికి సాగనిచ్చినను సాగనిత్తురు, లేక వేరు బిళ్లను అతికించినను అతికింతురు. అల్మేరియాప్రాంతీయుడైన అంతోనియో దె తోర్రెస్ (1817–1892) నేటి గిటారు రూపమునకు ప్రధానకారకుడు. నాదమునకు ముఖపలకయే ప్రాణమని నిరూపించుటకై 1862లో ఆయన వీపును, ప్రక్కలను కాగితపు గుజ్జుతో చేసి ఒక వాద్యమును నిర్మించెను. వీపుపలకకే ఆ గతి పట్టినప్పుడు పాపము మడమబిళ్లను ఎవరు పట్టించుకొందురు?

బిళ్లకు ప్రత్యేకవ్యక్తిత్వము నిచ్చినది, నా దృష్టిలో, వియన్నానగరము. అచట యోహాన్ గెయోర్గ్ స్టౌఫర్ అను పనివాడు మెడను మొండెమునకు అంటింపక, మడమలో ఒక మరను అమర్చి, గడియారమునకు తాళము త్రిప్పినట్లు చిన్న తాళపుచెవితో దానిని త్రిప్పి, మెడ వాలును మార్చుకొను ఏర్పాటు చేసెను. (షూబర్టు ఒక సొనాటా వ్రాసిన ఆర్పెజియోనె అను వాద్యమును కల్పించినవాడును ఇతడే.) కదలెడు మడమకు వీపుపలక నాలుక అంటుకొనియుండ వీలులేదు, మడమ తన అడుగును తానే ముగించుకొనవలయును. ఈ విద్యను స్టౌఫర్ వద్ద నేర్చినవారిలో సాక్సనీయందలి మార్క్‌నాయ్‌కిర్షెను పట్టణమునుండి వచ్చిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ ఒకడు. ఆ ఊర వయొలిను పనివారి సంఘము, బీరువాలు చేయు వడ్రంగులు గిటారులు చేయరాదని ఏండ్లతరబడి వ్యాజ్యమాడెను. మార్టిన్ కుటుంబము ఆ వడ్రంగుల సంఘములోనిది. తీర్పు తుదకు వడ్రంగులపక్షమునే వచ్చినను, 1833లో అతడు న్యూయార్కు చేరి, కొన్నియేండ్లకు పెన్సిల్వేనియాయందలి నజరెత్ గ్రామమున స్థిరపడెను. ప్రతిపక్షులు ఈసడించిన ఆ బీరువాపనియే, అనగా రేకు పొదుగుట, అంచు సరిపుచ్చుట, అతుకు కనబడకుండ కలుపుట, మడమబిళ్లకు కావలసిన నేర్పంతయు అని తలచినచో ఆ వ్యాజ్యము వినోదముగనే యుండును.

కాలక్రమమున తాళపుచెవి పోయి, మెడచివర నాలుకవంటి కొసను మొండెములోని గాడియందు పైనుండి దింపి సరేసుతో నిలిపెడు డవ్‌టెయిల్ అతుకు మార్టిన్ వాద్యములందు నెలకొనెను. మెడ వేరుగను, మొండెము వేరుగను తయారై కడపట కలిసెడు ఈ విధానమున మడమ అడుగు వీపు అంచును తాకెడు గీతయే పనివాని పరీక్షాస్థలము. వీపుపలక చదునైనది కాదు, కొంచెము గుబ్బగ నుండును. బిళ్ల ఆ వంపునే అనుసరించి సాగవలయును. అంచుపట్టీ దేనితో చేసిరో బిళ్లను సాధారణముగ దానితోనే చేయుదురు. బిళ్ల క్రింద నలుపు, తెలుపు, నలుపుగ పొరలు పెట్టి, వీపు అంచునందలి సన్నని గీతలతో అవి కలిసిపోవునట్లు చూతురు. వెండ్రుకవాసి తేడావచ్చినను కన్ను అచటనే నిలిచిపోవును.

పదార్థముల కథ వేరు. ఖరీదైన గిటారులకు మొదట ఏనుగుదంతమే అంచును, బిళ్లయును. 1870 ప్రాంతమున అమెరికాలో జాన్ వెస్లీ హయట్ బిలియర్డుబంతులకై దంతమునకు మారు వెదకుచు సెల్యులాయిడును వ్యాప్తిలోనికి తెచ్చెను. దంతపు చారలను అనుకరించెడు సెల్యులాయిడు మొదటి ప్రపంచసంగ్రామము ముగియునప్పటికి గిటారులపై దంతమును తొలగించెను. అది పచ్చబారును, కుదించుకొనును, నిప్పు తగిలిన భగ్గుమనును. అయినను ఏనుగులు మిగిలినవి గనుక దానిని నిందింపజాలను. ఇక కఱ్ఱబిళ్లల సంగతి. బ్రెజిలు రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆ దేశము అడ్డగించుటచే మార్టిన్ సంస్థ 1969లో భారతదేశపు రోజ్‌వుడ్‌నకు మారెను. మన అడవులలో జిట్రేగి యనబడు వృక్షము ఆ విధమున అమెరికా గిటారులకు ఒడలైనది. బ్రెజిలు జాతిపై 1992లో అంతర్జాతీయ వాణిజ్యనిషేధము వచ్చెను. 2017లో తక్కిన రోజ్‌వుడ్ జాతులన్నియు అనుమతిపత్రముల క్రిందికి వచ్చెను; ఆ జాతులతో తయారైన వాద్యములకు 2019లో మినహాయింపు లభించెను. వీపుపలకకు చాలని పాతముక్క మడమబిళ్లకు చాలును గనుక, దుర్లభమైన కఱ్ఱల తుదిశకలములను కొందరు ఈ పనికే దాచుకొందురు.

ఇటీవల ఆ బిళ్లపై ముత్యపుచిప్పతో లతలు, పక్షులు, పొడి అక్షరములు పొదుగు వేడుక ప్రబలినది. చేతినైపుణ్యమును కాదనను, కాని గీత చక్కగ సాగిన సాదాబిళ్లకు ఉన్న గాంభీర్యము వానికి రాదు. మన బొబ్బిలి పనివారు పనసమ్రానును తొలిచి ఏకాండవీణను చెక్కునప్పుడు మెడకును కుండకును నడుమ అతుకే యుండదు, దానిని కప్పవలసిన పనియు నుండదు. అతుకు ఉన్నచోట దానిని మర్యాదగ ముగించుటయే బిళ్ల ధర్మము, చిత్రశాలగ మారుట కాదు.

ఉక్కుతంత్రులు వచ్చిన పిమ్మట బిళ్లకు మరియొక పని దొరకినది. ఆరు తంత్రుల లాగుడు సుమారు డెబ్బది కిలోగ్రాములు. ఏండ్లు గడచుకొలది మెడ ముందునకు వంగి, మడమ అడుగుకొస మొండెమునుండి ఎడముగ వచ్చును. అప్పుడు అతుకునకు ఆవిరిపట్టి మెడను ఊడదీసి, మొండెమును తాకెడు మడమముఖమును పైన ఏమియు తీయక, అడుగునకు పోనుపోను ఎక్కువగ చెక్కి, తిరిగి బిగింతురు. ఆ కోతలో బిళ్లయు కొంత పొట్టియగును. పాతగిటారు కొనగోరు పాఠకులు ముఖపలక మెరుగునకు మురియుటకు ముందు వాద్యమును వెనుకకు త్రిప్పి, బిళ్లకును వీపు అంచునకును నడుమ పలుచని కాగితము దూరునేమో చూచుకొనవలయును. దూరినచో మెడ సరిచేయించు వ్యయమును బేరమునందే తగ్గించి యడుగవలయును.