పీక్ వేళకు నిలబెట్టుకున్న నీళ్లు

బొగ్గు బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కి కరెంటివ్వడానికి గంటలు పడుతుంది. గిరాకీ అంతసేపు ఆగదు. అందుకే చాలా దేశాల్లో పట్టణాలు చిన్న డీజిల్, ఫర్నేస్ ఆయిల్ కేంద్రాలు పెట్టుకున్నాయి. విశాఖపట్నంలో కట్టిన 36.8 మెగావాట్ల ఎల్వీఎస్ పవర్ ఆ కోవలోదే. చమురు ఇంజన్ నిమిషాల్లో అందుకుంటుంది, కానీ ప్రతి యూనిట్‌కూ చమురు కాల్చాల్సిందే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఆ పని కృష్ణా నది మీద పడింది.

ఆ నది మీది జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగినా, కరెంటు కోసం 2008 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234. ఖర్చులోనూ కరెంటులోనూ కర్ణాటకకు సగం వాటా. దిగువ జూరాల మరో 240 మెగావాట్లు. అయితే జూరాలలో నీటి నిల్వ తక్కువ. వరద వస్తే టర్బైన్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. యాసంగిలో బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యే వేళకు నది ఎండి ఉంటుంది.

ఆ లోటు తీర్చగలిగేది నల్లమల కొండ కడుపులోని శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం. జపాన్ రుణంతో కట్టారు. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు 2001-2003 మధ్య అందుబాటులోకి వచ్చాయి. ఇవి రెండు వైపులా తిరుగుతాయి: కరెంటు మిగిలినప్పుడు దిగువ నీళ్లను పైకి తోడి, పీక్ వేళ కిందికి వదులుతాయి. తోడటానికి వాడిన కరెంటులో దాదాపు ముప్పాతిక వంతే తిరిగొస్తుంది. అయినా సరైన గడియకు అందే యూనిట్ విలువ వేరు. అది చమురు లేని ఇంజన్ అని నేనంటాను. దాని వెల మనుషులు కూడా చెల్లించారు. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు చెలరేగి, భూగర్భంలో పొగ కమ్ముకుని తొమ్మిది మంది చనిపోయారు. మనింట్లో లైటు వెలిగిన ప్రతిసారీ వాళ్లను తలుచుకోవాలి.

ఈలోగా గిరాకీ రూపమే మారింది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. 2025 మార్చిలో తెలంగాణ పీక్ 17 వేల మెగావాట్లు దాటింది. ఆ ఎడమగట్టు కేంద్రం ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతలకు 30 మెగావాట్ల పంపులు ఐదు బిగించారు. అవి తోడేదీ శ్రీశైలం జలాశయం నీళ్లే. ఒకప్పుడు వలసపోయిన పాలమూరు రైతు పొలానికి ఆ నీళ్లు అందాలి, సందేహం లేదు. కానీ పొలానికి ఎక్కిన ప్రతి క్యూసెక్కూ కరెంటు తిని వెళ్తుంది, టర్బైన్ మీదుగా దిగే నీటిలోనూ అంతే తగ్గుతుంది.