42 ఖాళీ గళ్లు

2023 డిసెంబర్ 12, మంగళవారం. అరకులోయలో పొద్దెక్కినా మంచు విడలేదు. కాఫీ పండ్లు కోసే కాలం. తల్లులు చీకటితోనే బుట్టలు కట్టుకుని తోటలకు ఎక్కేస్తే, పిల్లల్ని అంగన్‌వాడీకి తెచ్చే పని ముసలివాళ్ల మీద పడుతుంది. మనవడి చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక అవ్వ గుమ్మం ముందు ఆగిపోయింది. తలుపుకి తాళం. తాళం పక్కన టీచరమ్మ.

“ఏటి టీచరమ్మా, ఈయాల సెలవా?”

“సెలవు కాదవ్వా, సమ్మె. రాష్ట్రమంతా కట్టేసినాం.”

అవ్వ కాసేపు తాళం వంక చూసింది. సమ్మె ఎందుకని అడగలేదు. “మరి పిల్లడి గుడ్డో?” అంది.

టీచరమ్మ దగ్గర జవాబు లేదు. 42 రోజులూ ఆమెను వదలకుండా వెంటాడిన ప్రశ్న అదే.

ఈ టీచరమ్మకి పేరు పెట్టడం లేదు. డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట కొండల్లో ఇలాంటి గుమ్మాల ముందు నిలబడ్డవాళ్లను తలుచుకుని కట్టిన మనిషి ఆమె. ఆమె మాటలు, ఆమె ఊరు నా కూర్పు. తేదీలు, జీవోలు, తీర్పులు, అంకెలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాల్లో పనిచేసే లక్షమందికి పైగా కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ సంఘాలు కలిసి ఇచ్చిన పిలుపు. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. అడిగింది 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ, రిటైరయ్యేనాడు చేతికి కాస్త డబ్బు. తెలంగాణలో అప్పటికే కార్యకర్తకు 13,650 ఇస్తున్నారు. అక్కడికంటే వెయ్యి ఎక్కువే ఇస్తామన్న పాత హామీని కూడా వీళ్లు మరిచిపోలేదు.

కొండల్లో అప్పట్లో ఇంకో లెక్క ఉండేది. పాతిక ముప్ఫై గడపల గూడేనికి పూర్తి కేంద్రం వచ్చేది కాదు, మినీ కేంద్రం వచ్చేది. మినీలో ఆయా ఉండేది కాదు. ఊటనీళ్లు మోసుకొచ్చేదీ, పొయ్యి రాజేసేదీ, కువి మాట్లాడే పిల్లకీ ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లాడికీ తెలుగు అక్షరం దిద్దించేదీ, గర్భిణిని డోలీలో మోస్తే వెనక నడిచేదీ ఒక్కతే. తూకం వేసి ఫోనులో ఎక్కించాలి. గూడెంలో సిగ్నల్ ఉండదు. గట్టెక్కి, ఫోను పైకెత్తి, ఎక్కిందాకా నిలబడాలి. ఇంత చేసిన మినీ కార్యకర్త చేతికి వచ్చేది ఆయాతో సమానంగా 7,000. మినీలన్నిటినీ మెయిన్ కేంద్రాలుగా మార్చాలన్నది ఆ సమ్మె కోర్కెల్లో మైదానానికి చిన్నది. ఏజెన్సీకి అదే పెద్దది.

పాడేరులో, అరకులో టెంట్లు పడ్డాయి. చలికి దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. అక్కడ టీచరమ్మ పక్కన ఓ కుర్ర ఆయా ఉంది, సమ్మెకు కొత్త. “అక్కా, మనం ఆపితే జైల్లో ఎడతారా? సమ్మె సేసే హక్కు మనకుందా?” అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్న. దీనికి మన చట్టం ఇచ్చే జవాబు ఒక్క ముక్కలో రాదు. సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో రాసింది. సమ్మె మాట అందులో లేదు. సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కేగానీ, సమ్మె అందులో భాగం కాదని 1961లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగుల్ని ఒక్క వేటున తీసేసినప్పుడు, రంగరాజన్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు ఇంకా ముందుకెళ్లి ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు కూడా లేదన్నారు. కానీ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెను నేరమనలేదు. ప్రజోపయోగ సేవల్లో అయితే 14 రోజుల ముందు నోటీసివ్వాలి, రాజీ చర్చలు నడుస్తుంటే ఆగాలి అని హద్దులు గీసింది. హద్దు గీశారంటే లోపల చోటు ఉందనే కదా. రాజ్యాంగం ఇవ్వకపోయినా చట్టం ఒప్పుకున్న హక్కుగా, కంచె మధ్య మడిచెక్కలా సమ్మె మన దేశంలో బతుకుతోంది.

అంగన్‌వాడీకి చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. హక్కుల సంగతి తర్వాత, అసలు ఆమె ఎవరు? ఆమె ప్రభుత్వ కొలువులో ఉన్నట్టు కాదని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అని ప్రభుత్వాల మాట. అయితే సంక్షేమ పథకానికి వెళ్తే, నువ్వు ప్రభుత్వ మనిషివని జాబితాలోంచి పేరు కొట్టేశారు. 2013లో 45వ భారత కార్మిక మహాసభ, ఇలాంటి పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. కాగితం మీదే ఉండిపోయింది. చివరికి 2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వెళ్లిన మణిబెన్ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఓకా ఆ ముడి కొంత విప్పారు. గౌరవ వేతనమని పేరు పెట్టినా అది వేతనమే, గ్రాట్యుటీ చట్టం వీళ్లకు వర్తిస్తుందన్నారు. టెంటు కింద ఆ తీర్పే పట్టుకుని కూర్చున్నారు. అత్యున్నత న్యాయస్థానం ఇచ్చినదాన్ని అమలు చెయ్యమని రోడ్డు మీద అడుక్కోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

సమ్మె మొదలైన నాలుగైదు రోజుల్లోనే రాష్ట్రంలో చాలాచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టారు. గ్రామ సచివాలయాల సిబ్బందిని పంపి తెరిపించారు. కబురందుకుని టీచరమ్మ ఊరికి వెళ్లేసరికి సాయంత్రమైంది. తలుపు చెక్క దగ్గర పచ్చిగా చీలి ఉంది, గొళ్లెం వంకరపోయి వేలాడుతోంది. పాత తాళం అరుగు మీద పడి ఉంది. సంతలో తన డబ్బుతో కొన్నది. గదికి ఆరేళ్ల కిందట సున్నం వేయించిందీ తనే. లోపల పప్పు డబ్బాల వరుస తప్పింది. తూకం యంత్రం బోర్లా పెట్టారు. ఆమె ముందు దాన్ని తిరగేసి, ముల్లు సున్నా మీదకి తెచ్చింది. తర్వాత అరుగు మీద కూర్చుని ఆ విరిగిన తాళాన్ని కొంగున ముడేసుకుంది.

ఈ కొండలకు కూలి కోసం తిరగబడడం కొత్త కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసిన కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం మనుషుల్ని బలవంతపు చాకిరీకి తోలి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డ మన్యం తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఆ కూలి బాకీ ఒకటి. దాదాపు వందేళ్లకు, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకు ఆ తిరుగుబాటు నాయకుడి పేరే పెట్టారు. అల్లూరి సీతారామరాజు జిల్లా. టీచరమ్మ నింపే ప్రతి రిజిస్టరు మీదా ఆ పేరుంటుంది.

2024 జనవరి 6న జీవో నంబరు 2 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అత్యవసర సేవల నిర్వహణ చట్టం, జనం నోట ఎస్మా, 1971 నాటిది. దాని కింద అంగన్‌వాడీల సమ్మెను ఆరు నెలలు నిషేధించారు. ఏజెన్సీలో చదువు రానివాళ్లకు కూడా కొన్ని నంబర్లు కంఠస్థం. గిరిజనుల భూమిని కాపాడే 1/70, టీచరు కొలువులు గిరిజనులకే ఇచ్చిన, 2020లో కోర్టు కొట్టేసిన జీవో 3. వాటి పక్కన ఇప్పుడు జీవో 2 చేరింది.

ఆ రాత్రి కుర్ర ఆయా మళ్లీ వచ్చింది. “అత్యవసరం అంటే ఏటక్కా?”

“మనం లేకపోతే పని నడవదని.”

“అలాగైతే ఏడు వేలెందుకు?”

ఇంతకంటే సూటిగా ఆ జీవోను ఎవరూ ప్రశ్నించలేరనుకుంటాను. జీతం అడిగినప్పుడు ఆమె స్వచ్ఛంద సేవకురాలు. పథకం అడిగినప్పుడు ప్రభుత్వ మనిషి. పని ఆపినప్పుడు ప్రాణాధారమైన సేవ. చట్టం ఒకే మనిషిని మూడు కళ్లతో చూసింది, మూడుసార్లూ ఆమెకే నష్టం. పిల్లల తిండి అత్యవసరం కాదని నేననను. ఆ అవ్వ అడిగిన గుడ్డు నిజం. గిరిజన మండలాల్లో రక్తహీనత ఎంతుందో చూసే కదా, 2020లో సంపూర్ణ పోషణ ప్లస్ పేరుతో అక్కడ అదనపు తిండి మొదలుపెట్టింది. కానీ అంత అత్యవసరమైన పని చేతుల మీద నడిపించే మనిషికి కనీస వేతనం కూడా అంతే అత్యవసరం. ఒక సగాన్ని మాత్రమే చట్టం పట్టుకుంటే, దానికి వెట్టి వాసన వస్తుంది.

జనవరి 14, భోగి. రాష్ట్రమంతటా శిబిరాల ముందు భోగిమంటల్లో జీవో 2 ప్రతులు కాల్చారు. వేతనాల్లో కోత పడింది. నోటీసులు వచ్చాయి. 22వ తేదీ ఉదయంలోగా విధుల్లో చేరాలి, లేదంటే తొలగింపు. ఆ నోటీసు పట్టుకుని టీచరమ్మ భర్త రాత్రంతా పడుకోలేదు. “సంతకం పెట్టేసి ఎల్లిపో” అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. తెల్లారి ఆమె సంచిలో దుప్పటి, అటుకులు కుక్కుకుని బయల్దేరితే బస్సు దాకా సాగనంపాడు.

అదే 22న చలో విజయవాడ. కోటి సంతకాల కాగితాలు ముఖ్యమంత్రికి ఇవ్వాలని. తెల్లారకముందే విజయవాడలో నిరవధిక దీక్ష చేస్తున్నవాళ్లను పోలీసులు లేపి వాహనాలు ఎక్కించారు. బయల్దేరినవాళ్లను రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో ఎక్కడికక్కడ ఆపేశారు. మా టీచరమ్మ విశాఖ దాటలేదు. కొండ దిగిన నలుగురూ ఒక కల్యాణమండపంలో పొద్దు గడిపారు, పేర్లు రాయించుకుని.

ఆ రాత్రి మంత్రి బొత్స సత్యనారాయణ, ప్రభుత్వ సలహాదారు సజ్జల రామకృష్ణారెడ్డి సంఘాలతో మాట్లాడారు. జీతం జూలైలో పెంచుతామన్నారు. రిటైర్మెంటు మొత్తం కార్యకర్తకు 50,000 నుంచి 1,20,000కు పెరిగింది. సమ్మెకాలపు వేతనం ఇస్తామన్నారు, కేసులు ఎత్తేస్తామన్నారు. అర్ధరాత్రి సమ్మె విరమణ. ఆ జూలై వచ్చేలోగా ఎన్నికలొచ్చి ప్రభుత్వమే మారింది. 11,500 మాత్రం ఆ జూలైలోనూ మారలేదు.

ఆ తర్వాత ఇంకో మార్పు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఒకప్పుడు ప్రజోపయోగ సేవలకే ఉన్న 14 రోజుల నోటీసు ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నిటికీ. సగంమంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. కంచె ఇంకాస్త లోపలికి జరిగింది.

సమ్మె ముగిసిన వారం తలుపు తెరిచింది టీచరమ్మ. ముందు నీళ్లు మోసింది, తర్వాత గుడ్లు ఉడకేసింది. అవ్వ మనవణ్ని తెచ్చింది. తూకం వేస్తే, వయసు పెరిగినా ముల్లు డిసెంబర్‌లో ఆగినచోటే ఆగింది. టీచరమ్మ రెండోసారి వేసింది. అదే. అవ్వ చూస్తూ ఏమీ అనలేదు, గుడ్డు పెంకు తనే ఒలిచి పిల్లాడి చేతిలో పెట్టింది.

హాజరు పట్టీ తెరిస్తే తన పేరు వరుసలో 42 గళ్లు ఖాళీ. గైర్హాజరని రాయాలో, సెలవని రాయాలో ఎవరూ చెప్పలేదు. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, డిసెంబర్ 12 గడి నుంచి మొదలుపెట్టి, పేజీ తిప్పి, జనవరి 22 దాకా గళ్లన్నిటి మీదుగా ఒకే మాట సాగదీసి రాసింది: సమ్మె.